శీతాకాలంలో ఐసు కట్టిన కొండ ఎక్కడం ఎలా: మొదటిసారి వెళ్లేవారికి

వేసవిలో కొండలు ఎక్కే అలవాటు ఉన్నవారు చలికాలం రాగానే అడిగే ప్రశ్న ఒక్కటే: అదే కొండను మంచు కప్పినప్పుడు ఎక్కాలంటే ఏమేం కావాలి, ఎలా నడవాలి? ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెబుతూ ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతున్నాను కాబట్టి, అంతా ఒకచోట రాస్తున్నాను. ఒక్క రోజులో వెళ్లి రాగలిగే, తాడు అవసరం పడని, రాళ్లూ గట్టి మంచూ కలగలిసిన కొండదారికి ఇది సరిపోతుంది. నిట్టనిలువు ఐసు గోడలు, పగుళ్లున్న హిమానీనదాలు దీని పరిధిలోకి రావు. వాటిని శిక్షకుడి పక్కన ఉండి నేర్చుకోవలసిందే. ఇక్కడ మంచు అంటే కురిసి పేరుకున్నది, ఐసు అంటే గడ్డకట్టి గాజులా మారినది అని అర్థం చేసుకోండి. కాలి కింద ఈ రెండూ వేర్వేరు లోకాలు.

ఒక మాట ముందే చెప్పాలి. చలికాలపు కొండ మీద నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఆలస్యం వల్ల జరిగినవే. క్రాంపాన్లు (బూట్ల అడుగున బిగించే మొనల చట్రాలు) తగిలించుకోవాలని, కోటు వేసుకోవాలని, వెనక్కి తిరగాలని అందరికీ తెలుసు. ఇంకో పది అడుగులు వేశాక చూద్దాంలే అనుకుంటారు. కింది అంచెల్లో "ముందుగానే" అన్న మాట పదేపదే వస్తే విసుక్కోకండి.

కావలసినవి

బూట్లు: అడుగుభాగం చేత్తో వంచినా సులభంగా వంగనివి కావాలి. మామూలు ట్రెక్కింగ్ బూటు వంగినప్పుడల్లా క్రాంపాను వదులవుతుంది. అమ్మేచోట బూట్లకు బీ1, బీ2, బీ3 అనీ, క్రాంపాన్లకు సీ1, సీ2, సీ3 అనీ తరగతులు చెబుతారు. బూటు అంకె క్రాంపాను అంకెకు సమానంగా గాని, అంతకంటే ఎక్కువగా గాని ఉండాలి. మొదటిసారి వెళ్లేవారికి బీ2 బూటు, దానికి సీ1 లేదా సీ2 క్రాంపాను చక్కగా నప్పుతాయి.

క్రాంపాన్లు: 10 లేదా 12 మొనలున్న ఉక్కువి తీసుకోండి. అల్యూమినియంవి తేలికే గాని రాళ్ల మీద త్వరగా మొద్దుబారతాయి. మంచు అంటుకోకుండా అడుగున రబ్బరు లేదా ప్లాస్టిక్ పలక ఉందో లేదో చూసుకోండి. రబ్బరు వలకు చిన్న మేకులు గుచ్చినట్టుండే మైక్రోస్పైకులు చదునైన బాటకు మాత్రమే పనికొస్తాయి. వాలు మీద అవి పక్కకు జరిగి, కాలిని గాలికి వదిలేస్తాయి.

ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి): చేతిని పక్కకు వేలాడదీసి గొడ్డలి తలను పట్టుకుంటే కింది ములుకు చీలమండ దాకా రావాలి. చాలామందికి 55 నుంచి 65 సెంటీమీటర్ల మధ్య కుదురుతుంది. దాని భాగాలను ఈ వ్యాసంలో ముక్కు (వంకర మొన), పార (వెడల్పు అంచు), కాడ, ములుకు అంటాను.

బట్టలు: ఒంటికి ఉన్ని లేదా సింథటిక్ లోదుస్తు, దానిపై ఫ్లీస్, పైన గాలినీ తడినీ ఆపే జాకెట్, ఆగినప్పుడు అన్నిటిపైనా వేసుకోవడానికి సింథటిక్ పీచు లేదా ఈకలు నింపిన కోటు. నూలు బట్ట ఒక్కటి కూడా వద్దు, బనియనుతో సహా. చెమట పీల్చుకున్న నూలు ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. చేతి తొడుగులు కనీసం మూడు జతలు కావాలి: పలుచనివి ఒకటి, పనికి పట్టునిచ్చేవి ఒకటి, వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మిటెన్లు ఒకటి. ఒక జత గాలికి ఎగిరిపోవడం కథల్లో మాత్రమే జరిగే విషయం కాదు.

మిగిలినవి: హెల్మెట్, గెయిటర్లు (బూటు పైనుంచి పిక్కను కప్పే తొడుగులు), 3 లేదా 4వ కేటగిరీ చలువ కళ్లద్దాలు, హెడ్‌ల్యాంప్, దానికి లిథియం బ్యాటరీలు, కాగితపు మ్యాపు, దిక్సూచి, ఇద్దరు దూరగలిగే అత్యవసరపు సంచి, ఫ్లాస్కు, ప్రథమ చికిత్స డబ్బా. తాజా మంచు అతినీలలోహిత కిరణాలలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి మబ్బు పట్టినా అద్దాలు తీయవద్దు.

అంచెలు

1. ఇంట్లోనే క్రాంపాన్లను బూట్లకు కుదర్చండి.

పొడవు సరిచేసి, పట్టీలు బిగించకుండానే బూటును పైకెత్తి మెల్లగా ఊపండి. క్రాంపాను ఊడి పడకుండా బూటునే పట్టుకుని ఉండాలి. ముందు మొనలు బూటు ముక్కు దాటి రెండు సెంటీమీటర్ల దాకా బయటికి రావాలి. ఎడమది, కుడిది గుర్తుపట్టడం నేర్చుకోండి: పట్టీ బకిలు కాలి బయటివైపు రావాలి. తరువాత కొండ మీద వాడబోయే తొడుగులే వేసుకుని, గడియారం పెట్టుకుని రెండు కాళ్లకూ బిగించండి. ఐదు నిమిషాల్లో కాకపోతే అయ్యేదాకా సాధన చేయండి. అద్దెకు తెచ్చినవైతే ఇది మరీ ముఖ్యం. వేరొకరి కొలతకు సరిచేసినవి వాలు దగ్గర సంచిలోంచి తీసి, వేళ్లు కొంకర్లు పోతుండగా స్క్రూ తిప్పుతూ కూర్చున్నవారిని చూశాను.

2. దారినీ, తిరుగు గంటనూ కాగితం మీద రాయండి.

స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. అది మంచు లేని దారికి చేసిన లెక్క; చలికాలంలో దానికి సగం కలపండి. ఉదాహరణకు వెళ్లి రావడం 10 కిలోమీటర్లు, ఎక్కుడు 900 మీటర్లు అయితే మూడున్నర గంటలు వస్తాయి, సగం కలిపితే ఐదుంబావు. విశ్రాంతి దీనికి అదనం. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు కింద ఉండేలా వెనక్కి లెక్కించి, ఎక్కడున్నా తిరిగి వచ్చేయవలసిన గంట నిర్ణయించండి. దాన్ని బృందమంతా ముందుగానే ఒప్పుకోవాలి; శిఖరం కనిపిస్తుండగా చేసే చర్చలో శిఖరమే గెలుస్తుంది. దారి వివరాలూ, ఏ గంటకు కబురు రాకపోతే సహాయం పిలవాలన్నదీ ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి.

3. వాతావరణాన్నీ, మంచు చరియల సూచననూ చూడండి.

ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. గాలి దానికి తోడవుతుంది: మైనస్ 10 డిగ్రీలలో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 21లా తగులుతుంది. శిఖరం దగ్గర గాలి ఎంతో చూడకుండా, ఊరి దగ్గరి ఉష్ణోగ్రత ఒక్కటే చూసి బయలుదేరడం చాలామంది చేసే తప్పు.

మంచు చరియల విషయం కాస్త నిదానంగా చదవండి. మనుషులను పొట్టన పెట్టుకునే పలక చరియలు (మంచు పొర పలకలా ఒక్కసారిగా విరిగి జారేవి) ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుపైనే విరుగుతాయి, అంటే ఎక్కడానికి మనకు హాయిగా అనిపించే వాలుపైనే. ఆ వాలును మ్యాపులోనే పట్టుకోవచ్చు. 1:25,000 మ్యాపుపై కంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) 10 మీటర్లకు ఒకటి చొప్పున ఉండి, ప్రతి ఐదో గీత ముదురుగా ఉంటే, రెండు ముదురు గీతల మధ్య ఎడం మూడున్నర మిల్లీమీటర్ల కంటే తగ్గినచోట వాలు 30 డిగ్రీలు దాటినట్టే. ఆ చోట్లన్నీ పెన్సిలుతో నింపి, మీ దారి వాటి మీదుగా గాని, సరిగ్గా వాటి కింద గాని పోతోందేమో చూడండి. సూచనలో ప్రమాద స్థాయిని 1 నుంచి 5 వరకు ఇస్తారు. 3 అంటే మధ్యస్థం కదా అని ధైర్యపడకండి. కొత్తవారు ఆ రోజు 30 డిగ్రీల వాలు జోలికి పోకూడదు. కొండ మీద పాదం కింద దబ్‌మని బోలు చప్పుడు వచ్చినా, అడుగు నుంచి పగులు పాకినా, పక్క వాలుపై తాజాగా విరిగిన గుర్తు కనిపించినా, సూచన ఏమన్నా సరే, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి.

అలాంటి వాలు దాటక తప్పని దారి అయితే బృందంలో ప్రతి ఒక్కరికీ బీకన్ (కూరుకుపోయినవారి జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), మంచు తవ్వే పార మూడూ ఉండాలి. బీకన్లన్నీ 457 కిలోహెర్ట్‌జ్ మీద పనిచేస్తాయి కాబట్టి వేర్వేరు కంపెనీలవి ఒకదానినొకటి పట్టుకుంటాయి. ఫోనును దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. మంచులో కూరుకుపోయినవారు బతికే అవకాశం మొదటి పదిహేను నిమిషాల్లోనే ఎక్కువ. సాధన లేని చేతుల్లో బీకన్ ఉన్నా ఆ సమయం చాలదు.

4. ప్రమాదం లేని వాలుపై జారి ఆగడం సాధన చేయండి.

జారితే కింద చదునుగా ఆగిపోయే, రాళ్లూ చెట్లూ లేని పొట్టి వాలు వెతకండి. హెల్మెట్ పెట్టుకోండి. క్రాంపాన్లు మాత్రం తీసేయండి, ఎందుకంటే సాధనలో మొన తట్టుకుంటే చీలమండ విరుగుతుంది.

ఒక చేత్తో యాక్స్ తల పట్టుకోండి: బొటనవేలు పార కింద, మిగిలిన వేళ్లు ముక్కు మీదుగా. పార మీ భుజానికీ మెడ ఎముకకూ మధ్య గుంటలో ఆనాలి. కాడ ఛాతీకి ఏటవాలుగా అడ్డం రావాలి. రెండో చెయ్యి ములుకును మూసి పట్టుకుని తుంటి పక్కన ఉంచాలి, లేకపోతే అది తొడలో దిగుతుంది. జారగానే ముక్కు ఉన్న వైపుకు బోర్లా తిరిగి, ఛాతీ బరువంతా దానిపై వేసి, మోకాళ్లను ఎడంగా పెట్టి మంచుకు ఆనించండి. అసలు ప్రయాణంలో క్రాంపాన్లు ఉంటాయి కాబట్టి ఆగేదాకా పాదాలను మంచుకు తగలకుండా పైకెత్తి ఉంచే అలవాటు ఇక్కడే చేసుకోండి. బోర్లా, వెల్లకిలా, తల కిందికి ఉండగా, ఇలా అన్ని రకాలుగా జారి చూడండి. గట్టి ఐసు మీద ఈ పద్ధతి ఆపుతుందన్న భరోసా లేదు. అక్కడ జారకుండా ఉండటమే ఉపాయం.

5. కొంచెం చలిగానే బయలుదేరండి.

మొదటి పది నిమిషాలు వణుకు అనిపించాలి. కోటుతో నడక మొదలుపెడితే చెమట పడుతుంది, ఆ చెమట శిఖరం దగ్గర ఐసవుతుంది. నీటి సీసాను సంచిలో తలకిందులుగా పెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత దగ్గర తెరిపి మిగులుతుంది. గొట్టంతో పీల్చే నీటి సంచులు ఈ చలికి పనికిరావు. ఫోనును ఒంటికి ఆనేలా లోపలి జేబులో ఉంచండి. తొడుగులు తీయకుండా తినగలిగే, గడ్డకట్టినా పళ్లకు లొంగే తిండి జేబుల్లో పెట్టుకోండి.

6. క్రాంపాన్లను చదునైన చోటే తగిలించుకోండి.

ముందున్న వాలు ఐసుగా ఉందేమో అన్న అనుమానం వచ్చిందంటే అదే సరైన చోటు. హెల్మెట్, యాక్స్ కూడా అక్కడే బయటికి తీయండి. బూటు అడుగున అంటిన మంచును గీరేసి, క్రాంపాను నేల మీద పరిచి, అందులోకి అడుగు పెట్టి బిగించండి. మిగిలిన పట్టీ కొసను దోపండి. పది నిమిషాలు నడిచాక ఆగి మళ్లీ బిగించండి. తొలి బిగింపు తప్పక కాస్త వదులవుతుంది.

7. మొనలన్నీ దిగేలా అడుగు వేయండి.

ముందు మొనలు లేని 10 మొనల క్రాంపాన్లను ఆంగ్ల పర్వతారోహకుడు ఆస్కర్ ఎకెన్‌స్టీన్ 1908లో రూపొందించినప్పుడు, వాలు ఎలా ఉన్నా పాదాన్ని చదునుగా వేయడం తప్ప మార్గం లేదు. 1929లో ఇటలీలో కొండ పరికరాలు చేసే లోరాన్ గ్రీవెల్ ముందు మొనలు చేర్చాక నిటారు ఐసు సులువైంది గాని, కొత్తవారికి ఒక చెడ్డ అలవాటు కూడా వచ్చింది: చిన్న వాలుకే కాలి వేళ్ల మీద నిలబడి, అరగంటలో పిక్కలు పట్టేసి కూలబడటం.

తక్కువ వాలులో పాదాలను భుజాల వెడల్పున ఎడం చేసి, అడుగుభాగమంతా ఒకేసారి ఆనేలా వేయండి. వాలు పెరిగితే వేళ్లను పక్కకు తిప్పి, అటూ ఇటూ వంకరగా ఎక్కండి. చీలమండను లోయవైపు వంచితేనే మొనలన్నీ దిగుతాయి. ఇది మొదట్లో వింతగా ఉంటుంది, ఎందుకంటే బూటు అంచుతో తన్ని నిలబడటం మనకు వేసవిలో అలవాటు. ఐసు మీద ఆ అంచు అడుగే జారుస్తుంది. మరీ నిటారుగా ఉన్న కొద్ది అడుగుల కోసం మాత్రమే ముందు మొనలు దింపండి, మడమను పైకెత్తకుండా.

కాళ్లను దగ్గరగా పెట్టి నడవవద్దు. నా మొదటి చలికాలంలోనే కుడికాలి మొన ఎడమ గెయిటర్‌లోకి దిగి, పైకెత్తిన కాలు అక్కడే ఇరుక్కుని, ఒంటికాలి మీద అర క్షణం ఊగి మోకాళ్ల మీద పడ్డాను. వాలు చిన్నది కాబట్టి బతికిపోయాను. మూడంగుళాల ఆ చిరుగును నల్లదారంతో కుట్టుకుని ఇప్పటికీ అదే గెయిటర్ వాడుతున్నాను.

8. యాక్స్‌ను కొండవైపు చేతిలో ఉంచండి.

మలుపు తిరిగిన ప్రతిసారీ చెయ్యి మార్చాలి. రెండు పాదాలూ స్థిరంగా ఉన్నప్పుడే మార్చాలి. ముందు కాడను దింపండి, తరువాత ఒక పాదం, ఆపైన రెండో పాదం. ఈ వరస తప్పకపోతే కాలు జారినా దిగిన కాడను పట్టుకుని నిలబడవచ్చు, చాలా జారుళ్లు అక్కడే ఆగిపోతాయి.

9. మూడు చోట్ల నమ్మకం వద్దు.

శిఖరగట్టు అంచున గాలి పేర్చిన మంచు చూరు, అంటే కార్నిస్, పైనుంచి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది. అది విరిగేటప్పుడు మనం ఊహించినదానికంటే బాగా లోపలికి విరుగుతుంది. ఇతరుల అడుగులు అంచు దగ్గర కనిపించినా మీరు రాళ్లు బయటపడిన వైపే నడవండి. రెండోది, రాయిపై గాజు పొరలా కట్టిన పలుచని ఐసు. మొనలు దిగేంత మందం దానికి ఉండదు, కాబట్టి చుట్టూ తిరిగి వెళ్లడం మేలు. మూడోది, గడ్డకట్టిన వాగు. నడిచేవారికి గట్టి, తేటైన ఐసు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలంటారు, కానీ పారే నీటిపై ఆ మందం అడుగడుగుకూ మారుతుంది. నేనైతే వంతెన ఉన్న చోటికే పోతాను.

10. ఆగినప్పుడు ఒకరినొకరు చూసుకోండి.

ఆగిన వెంటనే, చలి వేయకముందే కోటు వేసుకోండి. ఎదుటివారి ముక్కు, బుగ్గలు, చెవులు చూడండి. మైనంలా తెల్లబడి స్పర్శ పోతే మంచుకాటు మొదలైనట్టు. అరచేతి వెచ్చదనం ఇవ్వండి, రుద్దకండి, మంచుతో అసలే రుద్దకండి. లోతుగా మంచుకాటు తిన్న కాలినో చేతినో మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉన్నంతసేపు కరిగించకూడదు. కింద చేరాక 37 నుంచి 39 డిగ్రీల నీటిలో వెచ్చబరిచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మాట ముద్దగా రావడం, కాలు తడబడటం, జిప్పు వేసుకోలేకపోవడం, ఊరికే చిరాకు పడటం శరీరం లోపలి వేడి తగ్గుతోందనడానికి గుర్తులు. 35 డిగ్రీలకు దిగితే అది హైపోథెర్మియా. తడి బట్ట మార్చి, అత్యవసరపు సంచిలో కూర్చోబెట్టి, మింగగలిగితే తియ్యటి వేడి పానీయం ఇవ్వండి. వణుకు తగ్గిందని సంతోషించవద్దు. వెచ్చబడకుండానే వణుకు ఆగితే పరిస్థితి విషమించినట్టు. సహాయం కోసం ఈలతో గాని, దీపంతో గాని నిమిషంలో ఆరు సంకేతాలు ఇచ్చి, ఒక నిమిషం ఆగి మళ్లీ ఇవ్వండి. నిమిషానికి మూడు తిరిగి వస్తే మీ సంకేతం అందినట్టు.

11. దిగడానికి సగం ఓపిక దాచుకోండి.

మోకాళ్లు వంచి, బరువు పాదాల మీదికి తెచ్చి, మొనలన్నీ దింపుతూ దిగండి. భయంతో వెనక్కి వాలితే మడమ మొనలే మిగులుతాయి, అవీ జారతాయి. నిటారుగా ఉంటే సిగ్గుపడకుండా కొండవైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగండి. మధ్యాహ్నం మెత్తబడిన మంచు క్రాంపాను కింద ముద్దకడితే యాక్స్ కాడతో బూటు పక్కన తట్టి రాల్చండి. కూర్చుని జారుతూ దిగడం సరదాగానే ఉంటుంది, కానీ క్రాంపాన్లతో ఎన్నడూ వద్దు.

సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకోవడం

వెనక్కి తిరిగి మీ అడుగు గుర్తులే చూడండి. గట్టి మంచుపై ముందు రెండూ తప్ప మిగతా మొనల గుంటలన్నీ సమానమైన లోతున కనిపిస్తే మీ పాదం చదునుగా పడుతోంది. కొండవైపు వరస మాత్రమే లోతుగా ఉంటే చీలమండ వంగడం లేదు. రెండు అడుగుల మధ్య గీతలు ఉంటే కాలు ఈడుస్తున్నారు, అంటే అలసిపోయారు. తిరుగు గంట రాకపోయినా తిరగడం మంచిది.

జారి ఆగే సాధనలో వరుసగా ఐదుసార్లు మీ ఒంటి పొడవుకు రెండింతల లోపు ఆగగలిగితే చాలనుకోవచ్చు. నేను పెట్టుకున్న కొలత అది. గంటకోసారి బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి చూడండి, ఆనకపోతే చేతులు చల్లబడ్డాయి, మిటెన్లు వేసుకునే సమయం వచ్చింది. ఆగినప్పుడు చెయ్యి వీపు మీదికి పోనిచ్చి తడి ఉందో చూడండి. ఉంటే ఒక పొర తక్కువతో, నెమ్మదిగా నడవండి. కిందికి వచ్చేసరికి సీసా నిండుగానే ఉంటే దాహం తెలియక నీళ్లు తాగలేదన్నమాట.

ఇల్లు చేరాక ఆ రాత్రే క్రాంపాన్లనూ యాక్స్‌నూ తుడిచి ఆరబెట్టండి, బూట్ల లోపలి అట్టలు బయటికి తీయండి, పట్టిన సమయాన్ని మీరు వేసిన లెక్క పక్కన రాయండి. మొద్దుబారిన మొనలను చేతి ఆకురాయితో, అంచుల వెంట, నెమ్మదిగా పదును పెట్టండి. గ్రైండరు పెట్టకండి, ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోయి, మరుసటి ప్రయాణంలో మొదటి రాతికే మొన వంగిపోతుంది.